నులిపురుగుల మందుకు చీటీ ఎందుకు?

నులిపురుగుల మాత్రకు డాక్టరు అక్కర్లేదనే అభిప్రాయం తెలుగునాట బలంగా పాతుకుపోయింది. పిల్లవాడు నిద్రలో పళ్లు కొరికినా, బుగ్గ మీద తెల్లమచ్చ కనబడినా, అన్నం సరిగా తినకపోయినా మెడికల్ షాపులో ‘పురుగుల మాత్ర’ అడిగి తెచ్చి వేయడం చాలా ఇళ్లలో మామూలు. పెద్దవాళ్లు కూడా ఆరు నెలలకోసారి కడుపు శుభ్రపడుతుందని ఒకటి వేసుకుంటారు. ఈ అలవాటును సమర్థించేవారి వాదన పైకి గట్టిగానే కనిపిస్తుంది. ప్రభుత్వమే బడుల్లో, అంగన్‌వాడీల్లో ఏ పరీక్షా చేయకుండా కోట్ల మంది పిల్లలకు ఇదే మాత్ర వేయిస్తోంది. పసివాళ్లకే హాని చేయని మందుకు పెద్దవాళ్లు చీటీ రాయించుకోవడం దండగ అన్నది ఆ వాదన. ఇందులో మొదటి మాట నిజం. దాని నుంచి లాగిన తీర్మానం తప్పు. ఆల్బెండజోల్ మాత్రకు ఉన్న మంచిపేరు ఒక మోతాదుకు, ఒక వయసుకు, కొన్ని పురుగులకు కట్టుబడి వచ్చింది. ఆ హద్దులు దాటి వాడినప్పుడు ఆ పేరు కాపాడదు.

ముందుగా ప్రభుత్వ కార్యక్రమం సంగతి. జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవం 2015లో మొదలైంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఒకటి నుంచి 19 ఏళ్ల వయసు వారికి ఆల్బెండజోల్ ఇవ్వడం దీని పద్ధతి. ఆ రోజు తప్పిపోయినవారికి కొద్ది రోజుల్లో మళ్లీ ఇస్తారు. ఒకటి నుంచి రెండేళ్ల మధ్య పిల్లలకు 200 మి.గ్రా., అంటే సగం మాత్ర. రెండేళ్లు దాటినవారికి 400 మి.గ్రా. పసివాళ్లకు మాత్రను పొడిచేసి నీళ్లలో కలిపి పట్టాలి. పెద్ద పిల్లలు నమిలి మింగాలి. ఆ రోజు ఒంట్లో బాగాలేని పిల్లలకు, వేరే మందులు వాడుతున్న పిల్లలకు వేయరు. టీచరో అంగన్‌వాడీ కార్యకర్తో ఎదుట ఉండి వేయించాలి. మాత్రను ఇంటికి పంపకూడదు. ఎవరికైనా నలతగా ఉంటే ఏం చేయాలో వారికి ముందే చెప్పి ఉంచుతారు. ఎక్కడ, ఎన్నిసార్లు ఇవ్వాలో తేల్చడానికీ లెక్క ఉంది. పిల్లల్లో 20 శాతం మందికి మించి ఈ పురుగులున్న చోట ఏడాదికోసారి, 50 శాతం దాటిన చోట రెండుసార్లు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

కాబట్టి బడిలో ఇచ్చేది చీటీ లేని మందు అనడం సరికాదు. ఏ మందు, ఎంత, ఏ వయసుకు, ఏ పురుగుకు, ఎన్నాళ్లకోసారి, ఎవరికి వద్దు అనే ప్రశ్నలన్నీ నిపుణులు తేల్చి, ఒక జనాభా మొత్తానికి కలిపి రాసిన చీటీ అది. ఒక్కొక్కరికీ మల పరీక్ష చేయడానికయ్యే ఖర్చు మాత్ర ఖరీదుకు ఎన్నో రెట్లు కనుక, ఒక్క మోతాదుతో కలిగే ఇబ్బంది స్వల్పం కనుక, పరీక్ష లేకుండా ఇవ్వడమే మేలని లెక్క తేలింది. మెడికల్ షాపులో నోటిమాటగా అడిగి కొన్న మాత్ర వెనుక ఆ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు ఉండదు.

ఆ ఒక్క మోతాదు ఎందుకు అంత నిరపాయమో తెలిస్తే హద్దు ఎక్కడుందో అర్థమవుతుంది. పురుగు కణాల్లో ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఆల్బెండజోల్ దానికి అతుక్కుని పురుగు గ్లూకోజును పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. తిండి అందని పురుగు కొద్ది రోజుల్లో చచ్చి మలంలో పోతుంది. మనిషి పేగు ఈ మందును చాలా తక్కువగా పీల్చుకుంటుంది. ఎక్కువ భాగం పేగులోనే ఉండి అక్కడి పురుగుల మీద పనిచేసి బయటకు పోతుంది. రక్తంలోకి చేరిన కొద్దిపాటి మందును కాలేయం సల్ఫాక్సైడ్ రూపంలోకి మారుస్తుంది. ఒంట్లోకి చేరేది తక్కువ, అదీ ఒక్కసారే కావడం వల్ల చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి కాసేపు వికారం, కడుపునొప్పి, తలనొప్పి, నీరసం ఉంటాయి. పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఇవి మరికాస్త కనిపిస్తాయి. అయితే నెయ్యి, నూనె బాగా ఉన్న భోజనంతో వేసుకుంటే రక్తంలోకి చేరే మందు అయిదు రెట్ల దాకా పెరుగుతుంది. మెదడులోనో కాలేయంలోనో పురుగు పిల్లలు కట్టిన తిత్తుల మీద పనిచేయాల్సినప్పుడు డాక్టర్లు కొవ్వున్న ఆహారంతో వేసుకోమంటారు. పేగులోని పురుగులకు ఆ అవసరం లేదు. ఒకే మాత్ర, తిండిని బట్టి, రోజులను బట్టి ఒంటి మీద వేర్వేరుగా పనిచేస్తుంది. ‘మాత్ర ఒకటే కదా’ అనే మాట ఇక్కడే వీగిపోతుంది.

పురుగులన్నీ ఒకటే, మాత్ర కూడా ఒకటే అన్నది రెండో అపోహ. వాడుకలో నులిపురుగులని కలిపి పిలిచే వాటిలో ఏలికపాములు, కొంకి పురుగులు, కొరడా పురుగులు, మలద్వారం దగ్గర దురద పెట్టే సన్నటి దారపు పురుగులు, బద్దె పురుగులు అన్నీ ఉన్నాయి. వీటి బతుకులు వేరు, లొంగే మందులు వేరు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష అనేక పరీక్షల ఫలితాలను కలిపి చూసింది. ఒక్క మోతాదు ఆల్బెండజోల్‌తో ఏలికపాముల నుంచి నూటికి 95 మంది, కొంకి పురుగుల నుంచి 80 మందికి కాస్త తక్కువ, కొరడా పురుగుల నుంచి కేవలం 31 మంది బయటపడ్డారని అది తేల్చింది. మరో పురుగుల మందు మెబెండజోల్ ఒక్క మోతాదుతో కొంకి పురుగు పోయినవారు మూడింట ఒక వంతే. దారపు పురుగుల గుడ్ల మీద మాత్ర పనిచేయదు. అందుకే రెండు వారాల తర్వాత రెండో మోతాదు ఉండాలి, ఇంట్లో అందరికీ ఒకేసారి వైద్యం జరగాలి, పక్కబట్టలు వేడినీళ్లతో ఉతకాలి. బద్దె పురుగుకు ప్రాజిక్వాంటెల్‌నో నిక్లోసమైడ్‌నో డాక్టరు ఎంచుకుంటారు. స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగుకు అసలు మందు ఐవర్‌మెక్టిన్. ఒక్క మాత్ర ఆల్బెండజోల్ దానికి చాలదు. ఆ పురుగు ఒంట్లో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండగలదు. ఉబ్బసానికో కీళ్లవాతానికో స్టెరాయిడ్లు మొదలుపెట్టినప్పుడు ఒక్కసారిగా పెరిగి ఊపిరితిత్తులకు, రక్తానికి పాకి ప్రాణం తీయగలదు. ‘మాత్ర వేసుకున్నాను కదా’ అనే ధీమా అటువంటి రోగికి ఏ రక్షణా ఇవ్వదు.

లక్షణాలను చూసి ఇంట్లోనే రోగం తేల్చే పద్ధతి కూడా నిలవదు. నిద్రలో పళ్లు కొరకడానికి పురుగులే కారణమని నమ్మదగిన ఆధారం లేదు. పిల్లల బుగ్గల మీద వచ్చే పాలిపోయిన మచ్చలు ఎక్కువగా చర్మం పొడిబారడం వల్ల, తేలికపాటి ఎగ్జిమా వల్ల వస్తాయి. బెల్లం, మిఠాయి తింటే కడుపులో పురుగులు పుట్టవు. ఏలికపాము, కొరడా పురుగు మట్టిలోని గుడ్లు నోట్లోకి వెళితే వస్తాయి. కొంకి పురుగు పిల్ల వట్టి పాదాల చర్మాన్ని తొలుచుకుని లోపలికి వస్తుంది. పిల్లవాడు బరువు పెరగకపోవడానికి, కడుపునొప్పికి, రక్తహీనతకు పురుగులు ఒక కారణం మాత్రమే. క్షయ, మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, గోధుమ పడని సీలియాక్ జబ్బు, తిండిలో ఇనుము చాలకపోవడం కూడా అవే లక్షణాలతో రావచ్చు. షాపు మాత్ర వేసి నెలా రెండు నెలలు ఎదురుచూసే ఇంట్లో అసలు జబ్బు ముదురుతుంది. మల పరీక్ష ఖరీదైనదేమీ కాదు. ఒకసారి ఏమీ కనిపించకపోతే వేర్వేరు రోజుల నమూనాలు మళ్లీ చూస్తారు. దారపు పురుగులను కనిపెట్టడానికి తెల్లవారుజామున, స్నానానికి ముందు, మలద్వారం చుట్టూ పారదర్శక టేపు అద్ది సూక్ష్మదర్శినిలో చూడడం చాలు.

చీటీ అవసరాన్ని అన్నిటికంటే గట్టిగా చెప్పే జబ్బు న్యూరోసిస్టిసర్కోసిస్. పంది బద్దె పురుగు ఒంట్లో ఉన్న మనిషి మలంలోని గుడ్లు నీటి ద్వారా, పచ్చి కూరగాయల ద్వారా, శుభ్రం లేని చేతుల ద్వారా మరొకరి కడుపులోకి చేరితే, వాటి పిల్లలు రక్తంలో ప్రయాణించి మెదడులో తిత్తులుగా స్థిరపడతాయి. పంది మాంసం ముట్టని శాకాహారులకూ ఇది వస్తుంది. భారతదేశంలో ఫిట్స్‌కు ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఆల్బెండజోల్ ఆ తిత్తులను చంపగలదు. చచ్చే తిత్తి చుట్టూ మెదడు వాస్తుంది. ఫిట్స్, తీవ్రమైన తలనొప్పి వస్తాయి. కంట్లో తిత్తి ఉంటే చూపే పోవచ్చు. వేరే పురుగుల కోసం ఈ మందు వాడినప్పుడు, అప్పటిదాకా బయటపడని మెదడు తిత్తులు ఫిట్స్ రూపంలో బయటపడవచ్చని మందు సమాచార పత్రమే హెచ్చరిస్తోంది. ఒక్క మాత్రతో ఇలా కావడం అరుదు. అయినా ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవారు, కారణం తెలియని తలనొప్పితో బాధపడేవారు, చర్మం కింద గట్టి గడ్డలున్నవారు, మలంలో బద్దె పురుగు ముక్కలు చూసినవారు డాక్టరుకు చెప్పకుండా ఆల్బెండజోల్ గానీ ప్రాజిక్వాంటెల్ గానీ వేసుకోకూడదు. మెదడు తిత్తులకు వైద్యం చేసేటప్పుడు స్కానింగ్, కంటి పరీక్ష ముందు జరగాలి. వాపు తగ్గించే స్టెరాయిడ్, ఫిట్స్ మందు తోడుగా ఉండాలి. ఇవేవీ మెడికల్ షాపు కౌంటరు దగ్గర జరిగే పనులు కావు.

ఒకటి మంచిదైతే నాలుగు ఇంకా మంచివనే ఆలోచన మరో ప్రమాదం. కాలేయంలో హైడాటిడ్ తిత్తులకు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు 28 రోజులు, మధ్యలో 14 రోజుల విరామంతో ఇస్తారు. అంతకాలం వాడినప్పుడు కాలేయం దెబ్బతినవచ్చు, ఎముక మజ్జలో రక్తకణాల తయారీ మందగించవచ్చు, జుట్టు రాలవచ్చు. తెల్లకణాలు పడిపోయి మరణించిన సందర్భాలూ నమోదయ్యాయి. అందుకే ప్రతి విడత మొదట్లోనూ, ప్రతి రెండు వారాలకూ రక్తపరీక్ష, కాలేయ పరీక్ష చేయించాలని నియమం. ‘పురుగులు మొండిగా ఉన్నాయి’ అని పదిహేను రోజులు వరుసగా మాత్రలు వేసుకునేవారికి ఈ కాపలా ఏదీ ఉండదు.

అందరికీ సరిపడే మందు అనే మాట కూడా పరిశీలనకు నిలవదు. గర్భిణికి మొదటి మూడు నెలల్లో ఆల్బెండజోల్ ఇవ్వరు. అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో గర్భిణులకు ఇచ్చే 400 మి.గ్రా. మాత్ర రెండో త్రైమాసికానికి నిర్ణయించినది. నెల తప్పిన సంగతి ఇంకా తెలియని స్త్రీ ‘కడుపు శుభ్రం’ కోసం మాత్ర వేసుకుంటే ఈ జాగ్రత్త వృథా అవుతుంది. ఏడాది నిండని బిడ్డకు జాతీయ కార్యక్రమంలో ఈ మాత్ర లేదు. కాలేయ జబ్బున్నవారికి, రక్తకణాలు తగ్గినవారికి డాక్టరు ఆలోచించి రాయాలి. వేరే మందులతో కలిసినప్పుడు లెక్క మారుతుంది. ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వంటి ఫిట్స్ మందులు రక్తంలో ఆల్బెండజోల్ ప్రభావాన్ని తగ్గిస్తాయి; డెక్సామెథసోన్, సిమెటిడిన్, ప్రాజిక్వాంటెల్ పెంచుతాయి. జిగట విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్‌ను మెబెండజోల్‌తో కలిపి వాడినవారిలో చర్మం ఊడివచ్చే స్టీవెన్స్ జాన్సన్ జబ్బు కనిపించిందనీ, రెండూ కలపవద్దనీ హెచ్చరిక ఉంది. విరేచనాలూ పురుగులూ కలిసి ఉన్నాయనుకుని షాపులో రెండు మందులూ ఒకేసారి అడిగేవారికి ఆ హెచ్చరిక అందే దారి లేదు.

అన్ని పురుగుల మందులూ ఆల్బెండజోల్ లాంటివే అనుకోవడం ఇంకో పొరపాటు. పైపరజిన్ పురుగును సడలింపజేస్తుంది, పైరాంటెల్ బిగుసుకుపోయేలా చేస్తుంది. రెండూ కలిపి వేస్తే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. పైపరజిన్ ఫిట్స్ జబ్బున్నవారికి ఇవ్వకూడదు. లెవామిసోల్ కొందరిలో తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. అమెరికాలో మనుషుల వాడకం నుంచి దాన్ని 2000 సంవత్సరంలో తప్పించారు. ఏలికపాములు ఉండలు కట్టి పేగుకు అడ్డుపడినప్పుడు పరిస్థితి మరీ వేరు. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, మలవిసర్జన ఆగిపోయిన బిడ్డకు పురుగుల మందు వేయడం ప్రమాదం. ఆ బిడ్డ వెంటనే ఆసుపత్రి చేరాలి. పురుగు పిత్తనాళంలో దూరితే కామెర్లు, తీవ్రమైన నొప్పి వస్తాయి. కాశ్మీర్‌లో ఇటువంటి రోగులను పెద్ద సంఖ్యలో చూసి వైద్యులు వివరంగా నమోదు చేశారు. పశువుల మందును మనుషులు వేసుకోవడం అన్నిటికంటే తప్పు. గొర్రెలకు, ఆవులకు చేసిన ఐవర్‌మెక్టిన్ మోతాదు మనిషి కొలతకు తగ్గది కాదు. కొవిడ్ కాలంలో ఐవర్‌మెక్టిన్ సర్వరోగ నివారిణిగా ప్రచారమైంది. 2021 సెప్టెంబరులో దాన్ని జాతీయ కొవిడ్ చికిత్స మార్గదర్శకాల నుంచి తొలగించారు. క్యాన్సర్‌కు పనిచేస్తుందన్న ప్రచారం నమ్మి పశువుల ఫెన్‌బెండజోల్ మింగినవారిలో కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

పురుగుల మందు ఎప్పుడూ నిరపాయమే అన్న నమ్మకాన్ని చరిత్ర కూడా తోసిపుచ్చుతుంది. 1909 నుంచి 1914 వరకు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో రాక్‌ఫెల్లర్ శానిటరీ కమిషన్ కొంకి పురుగు మీద పోరాడినప్పుడు థైమాల్ వాడారు. అది నూనెలో, సారాయిలో కరిగి రక్తంలోకి చేరితే విషం కనుక ఆ రోజు కొవ్వు, మద్యం ముట్టవద్దని కట్టడి ఉండేది. ఆముదం కూడా నూనే కనుక విరేచనానికి ఎప్సమ్ ఉప్పు ఇచ్చేవారు. 1920లలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ మద్రాసు ప్రెసిడెన్సీలోనూ కొంకి పురుగు మీద పనిచేసింది. 1921లో మారిస్ హాల్ కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను ప్రవేశపెట్టాడు. చవకగా, బాగా పనిచేస్తోందని లక్షల మందికి తాగించాక, కాలేయం పాడై కొందరు చనిపోతున్నారని తేలింది. 1925లో దానికి బదులుగా టెట్రాక్లోరోఇథిలిన్ ముందుకు వచ్చింది. శాంటోనిన్ తాగినవారికి లోకమంతా పసుపుపచ్చగా కనిపించేది. ఇప్పటి మందులు వాటికంటే ఎంతో మేలైనవి. ఆ మేలు ఎవరో తాగి ఏమీ కాలేదన్న మాట మీద రాలేదు. మోతాదులను, విరామాలను, వద్దన్న పరిస్థితులను దశాబ్దాలపాటు కొలిచి చూసినందువల్ల వచ్చింది. పాత మందులతో పాటు విరేచనానికి మందు తాగే ఆచారం మాత్రం కొన్ని ఇళ్లలో మిగిలిపోయింది. ఆల్బెండజోల్‌తో ఆముదం అవసరం లేదు. పసిబిడ్డకు విరేచనాలు పట్టిస్తే ఒంట్లో నీరు ఎండిపోవడం తప్ప లాభం లేదు.

చీటీ అడగడం పేదవారి మీద ఇంకో ఖర్చు రుద్దడమే అనే అభ్యంతరం న్యాయమైన ఆందోళన నుంచి వచ్చింది. దానికి జవాబు ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు చూడడం, మాత్ర ఇవ్వడం ఉచితం. ఒకటి నుంచి 19 ఏళ్ల వారికి మాత్ర బడికో అంగన్‌వాడీకో నడిచి వస్తుంది. బడికి వెళ్లని పిల్లలను ఆశా కార్యకర్తలు వెతికి తీసుకొస్తారు. అసలు దండగ ఖర్చు, బడిలో వేసిన పది రోజులకే తెలియక షాపులో మరొకటి కొని వేయడం. ఆల్బెండజోల్ చట్టం ప్రకారం షెడ్యూల్ హెచ్ మందు. డాక్టరు చీటీ మీదే అమ్మాలి. అడిగిందే తడవుగా ఇచ్చే షాపుదారు, చూడకుండా చీటీ రాసే ఆర్‌ఎంపీ ఇద్దరూ పేదవారికి మేలు చేస్తున్నామనుకుంటారు. రక్తహీనతతో పాలిపోయిన తల్లికి ఒక మాత్ర ఇచ్చి పంపేస్తే ఆమె రక్తం ఎంతుందో ఎవరూ చూడరు, నష్టపోయేది ఆమే.

ఈ అపోహకు ఎదురుగా మరో అపోహ ఉంది: బడిలో ఇచ్చే మాత్ర విషమనీ, వేయించకూడదనీ. ఏదో ఒక బడిలో నలుగురు పిల్లలకు వాంతులయ్యాయన్న వార్త రాగానే ఊరంతా మాత్ర మానేస్తుంది. దీన్నీ ఖండించాలి. ఒక్క మోతాదు తర్వాత వచ్చే వికారం, కడుపునొప్పి కొద్ది గంటల్లో వాటంతటవే తగ్గుతాయి. ఒకరిని చూసి ఒకరు భయపడి కళ్లు తిరిగినట్టు పడిపోవడం బడుల్లో సామూహికంగా మందు ఇచ్చేచోట తెలిసిన విషయమే. నిజంగా జాగ్రత్త పడాల్సింది మాత్ర గొంతుకు అడ్డుపడకుండా చూడడంలో. 2007లో ఇథియోపియాలో ఒక మందుల పంపిణీలో మూడేళ్ల లోపు పసిపిల్లలు మాత్ర గొంతులో ఇరుక్కుని చనిపోయారు. ఆ తర్వాత పసివారికి పొడిచేసి ఇవ్వాలని, ఏడుస్తూ పెనుగులాడే బిడ్డ నోట్లో బలవంతంగా పెట్టకూడదని, ముక్కు మూసి మింగించకూడదని సూచనలు గట్టిపడ్డాయి. కార్యక్రమం ప్రకారం ఇచ్చే మాత్రను నిరాకరించడం, కార్యక్రమం హద్దులు చూడకుండా సొంతంగా మింగడం రెండూ ఒకే పొరపాటు నుంచి పుట్టాయి. మందు మంచిదా చెడ్డదా అని తేల్చుకోవాలనుకుంటాయి తప్ప ఎవరికి, ఎంత, ఎప్పుడు అని రెండూ అడగవు.

మాత్ర వేసుకుంటే పని అయిపోయిందన్న నమ్మకం చివరిది. ఉత్తరప్రదేశ్‌లో సుమారు పది లక్షల మంది అంగన్‌వాడీ వయసు పిల్లలతో జరిగిన డెవ్టా పరీక్ష ఫలితాలు 2013లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆరు నెలలకోసారి ఆల్బెండజోల్ ఇవ్వడం వల్ల అక్కడి పిల్లల మరణాల్లో పెద్ద తేడా రాలేదు. ఆ పిల్లల్లో పురుగుల బెడద తేలికగానే ఉందని పరిశోధకులు రాశారు. పురుగులు బాగా ఉన్నవారికి మందు మేలు చేస్తుంది. లేనివారికి అది టానిక్కు కాదు, ఆకలి పెంచే మందూ కాదు. మందు పురుగును చంపుతుంది గానీ మట్టిలోని గుడ్లను చంపదు. ఏలికపాము ఆడది రోజుకు రెండు లక్షల గుడ్ల దాకా పెడుతుంది. అవి తేమ నేలలో ఏళ్లు బతుకుతాయి. మరుగుదొడ్డి, చేతుల శుభ్రత, చెప్పులు లేని చోట ఏడాది తిరిగేసరికి ఏలికపాములు దాదాపు మునుపటి స్థాయికి చేరుకుంటాయి. ఒక రకం కొంకి పురుగు ఒక్కొక్కటి రోజుకు 0.2 మి.లీ. దాకా రక్తం పోగొడుతుంది. వందల పురుగులున్న మనిషి నెలల తరబడి పోగొట్టుకున్న ఇనుమును ఆల్బెండజోల్ తిరిగివ్వదు. ఇనుము మాత్రలు వేరుగా వేసుకోవాలి. అవసరం లేకుండా పదే పదే మందు వాడితే ఏమవుతుందో గొర్రెలు, మేకలు పెంచేవారికి తెలుసు: వాటి కడుపులోని పురుగులు ఆల్బెండజోల్ కుటుంబపు మందులకు లొంగడం మానేశాయి. మనుషుల పురుగుల్లోనూ ఆ పరిస్థితి రాకుండా ఉండాలంటే మందును అవసరమైన చోటే వాడాలి.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే మాత్రను ఆ వయసు పిల్లలందరికీ వేయించాలి. పిల్లవాడికి జ్వరం, ఫిట్స్, మరేదైనా జబ్బు ఉన్నా, ఏవైనా మందులు వాడుతున్నా టీచరుకు ముందే చెప్పాలి. ఆ విడత అయ్యాక మళ్లీ కొని వేయకూడదు. వేసిన తేదీ రాసి పెట్టుకోవాలి. పెద్దవాళ్లు పురుగులున్నాయని అనుమానపడితే డాక్టరుకు చూపించుకుని మల పరీక్ష చేయించుకోవాలి. గర్భం, గర్భం వచ్చే అవకాశం, పాలిచ్చే బిడ్డ, కాలేయ జబ్బు, ఫిట్స్, మందు పడకపోవడం, వాడుతున్న ఇతర మందులు అన్నీ దాచకుండా చెప్పాలి. ఒకరికి రాసిన చీటీ మీద ఇంకొకరికి కొనకూడదు. మందు పేరు, మోతాదు, రోజులు, రెండో విడత ఉందా లేదా అన్నవి అడిగి తెలుసుకోవాలి. మాత్ర తర్వాత ఆగని వాంతులు, ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం, ఫిట్స్, తీవ్రమైన తలనొప్పి, కళ్లు పచ్చబడడం, జ్వరంతో గొంతు పుండు, కారణం లేని రక్తపు మచ్చలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వైద్యం అయ్యాక లక్షణాలు తగ్గకపోతే మరో మాత్ర కొనడం మాని మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

ఆల్బెండజోల్ మంచి మందు, చవకైన మందు, కోట్ల మంది పిల్లలకు మేలు చేస్తున్న మందు. ఏ పురుగుకు, ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నది తేల్చి వాడినంతవరకే అది నిరపాయం. ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు రాసి ఉన్న కాగితమే చీటీ. అది లేకుండా పురుగుల మందు కొనకూడదు, అమ్మకూడదు.